'బివేర్ ఆఫ్ మిస్టర్ బేకర్': కోపం కళ్లకు కట్టింది, చేతులు తనివితీరా కనబడలేదు

మన ఇళ్ల గేట్లకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని రేకు తగిలిస్తాం. దక్షిణాఫ్రికాలో టుల్‌బాగ్ దగ్గర గుర్రాలు పెంచుకుంటూ ఉండిన బ్రిటిష్ డ్రమ్మర్ జింజర్ బేకర్ గేటు మీద 'మిస్టర్ బేకర్‌తో జాగ్రత్త' అని ఉండేది. జే బల్జర్ 2012లో తీసిన డాక్యుమెంటరీకి ఆ బోర్డే పేరయింది. ఆ హెచ్చరిక ఉత్తుత్తిది కాదని మొదటి నిమిషాల్లోనే తెలిసిపోతుంది. మీ గురించి వేరేవాళ్లతో కూడా మాట్లాడిస్తున్నానని దర్శకుడు అనేసరికి, డెబ్బయ్యో పడికి చేరిన పెద్దాయన చేతికర్ర ఎత్తి అతని ముక్కు మీద కొడతాడు. రక్తం కారుతుంది. కెమెరా తిరుగుతూనే ఉంటుంది.

ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా ఆ కర్ర దెబ్బ దగ్గరే మొదలుపెడతారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. అమెరికాలో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో ఆ ఏడాది డాక్యుమెంటరీలకిచ్చే గ్రాండ్ జ్యూరీ బహుమతి దీనికే వచ్చింది. నిడివి 92 నిమిషాలు. ఎక్కడా విసుగు రాదు. మనిషిని చూపించడంలో దీనికి వంక పెట్టలేం. అయితే ఆ మనిషిని అంతమంది అంతకాలం ఎందుకు భరించారు అన్న ప్రశ్నకు జవాబు ఆయన చేతుల్లో, కాళ్లలో ఉంది. సినిమా ఆ జవాబును పదిమంది నోట చెప్పించింది గానీ, మన చెవులకు వినిపించేంత సేపు డ్రమ్ములను మోగనివ్వలేదు. అందుకని సినిమా ఎలా ఉందో చెప్పడంతో పాటు, ముందు ఏం వినాలో, తర్వాత ఏం వినాలో, వింటున్నప్పుడు ఏం పట్టుకోవాలో కూడా ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

ముందుగా మనిషి. అసలు పేరు పీటర్ ఎడ్వర్డ్ బేకర్. 1939 ఆగస్టు 19న దక్షిణ లండన్‌లోని లూయిషమ్‌లో పుట్టాడు. జుట్టు ఎర్రగా ఉండడంతో జింజర్ అన్న పేరు స్థిరపడింది. తండ్రి 1943లో యుద్ధంలో పోయాడు. కొడుక్కి 14 ఏళ్లు వచ్చాక విప్పమని ఒక ఉత్తరం రాసిపెట్టాడు. నీ పిడికిళ్లే నీకు అక్కరకొచ్చే నేస్తాలు అన్నది అందులో సారాంశం. కుర్రతనంలో సైకిల్ పందేల పిచ్చి. డ్రమ్ముల ముందు కూర్చున్నాక అది పోయింది. లండన్ జాజ్ క్లబ్బుల్లో వాయించాడు, గ్రాహం బాండ్ బృందంలో జాక్ బ్రూస్‌తో కలిసి వాయించాడు, అతనితోనే కొట్టుకున్నాడు కూడా. 1966లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, బేస్ గిటార్ వాయించే జాక్ బ్రూస్‌లతో క్రీమ్ అనే రాక్ బృందం మొదలైంది. 1968 నవంబర్ 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వీడ్కోలు కచేరీతో ముగిసింది. 1969లో బ్లైండ్ ఫెయిత్, 1970లో ఎయిర్ ఫోర్స్ అనే బృందాలు, ఆ తర్వాత నైజీరియా. ఆయన డెబ్బైల దశకం అక్కడే మొదలవుతుంది.

ఈ వరసనంతా సినిమా చక్కగా, చకచకా చెబుతుంది. బాల్యానికీ, యుద్ధకాలపు లండన్‌కూ పాత ఫిల్ము దొరకని చోట గీసిన బొమ్మలు కదులుతాయి. కొన్ని డాక్యుమెంటరీల్లో ఇలాంటి బొమ్మలు ఖాళీ పూడ్చడానికి పెట్టినట్టుంటాయి. ఇక్కడ అలా కాదు. ముదురు రంగులు, మొరటు గీతలు, దెబ్బకు దెబ్బగా మారే ఫ్రేములు ఆ మనిషి స్వభావానికి సరిపోయాయి.

సినిమాకు వెన్నెముక మాత్రం ఒక వాలుకుర్చీ. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సిగరెట్టు కాలుస్తూ, బేకర్ అందులో కూర్చుని జవాబులిస్తాడు. నచ్చని ప్రశ్న వస్తే కసురుతాడు. మాట దక్షిణ లండన్ యాస, అందులో సగం గొణుగుడు. ఇంగ్లీషు సినిమాలు రోజూ చూసేవాళ్లకు కూడా సబ్‌టైటిల్స్ లేకుండా కొన్ని మాటలు అందవు, కాబట్టి పెట్టుకునే చూడండి. బూతులు ధారాళంగా వస్తాయి. హెరాయిన్ సంగతి దాచిపెట్టకుండా చెబుతారు. పిల్లలతో కలిసి కూర్చుని చూసే సినిమా కాదు.

ఇంటివాళ్ల మాటలకు బల్జర్ ఇచ్చిన చోటును మెచ్చుకోవాలి. మొదటి భార్య లిజ్, పిల్లలు నెట్టీ, లీడా, కోఫీ మాట్లాడతారు. కోఫీ కూడా డ్రమ్మరే. తండ్రి దగ్గర నేర్చుకున్నదీ, తండ్రి చేతుల్లో పడ్డదీ ఒకే ముఖంలో కనబడతాయి. గొప్ప కళాకారుడు కాబట్టి ఇంట్లో ఎలా ఉన్నా చెల్లుతుందని ఈ సినిమా అనదు. అలాగని తీర్పు చెప్పి తలుపు మూసేయదు. ఎవరి బాధ వాళ్లు చెప్పుకుంటారు, మనం వింటాం. సంగీతకారుల మీద వచ్చే డాక్యుమెంటరీల్లో కుటుంబానికి ఇంత నిజాయితీగా మాట దొరకడం అరుదు.

ఇక డ్రమ్మర్ల వరస. ఛార్లీ వాట్స్, నీల్ పియర్ట్, స్టూవర్ట్ కోప్‌లాండ్, లార్స్ ఉల్రిక్, నిక్ మేసన్, టోనీ ఆలెన్ ఒక్కొక్కరూ వచ్చి చెబుతారు. క్లాప్టన్ మాటకు విలువ ఎక్కువ. పేరున్న రాక్ డ్రమ్మర్లు కీత్ మూన్, జాన్ బోనమ్‌ల సరసన బేకర్‌ను పెట్టబోతే ఆయన ఒప్పుకోడు. బేకర్ పూర్తిస్థాయి సంగీతకారుడు, ఆ కొలత వేరు అన్నది ఆయన వాదన. అదే క్లాప్టన్ బేకర్‌కు దూరంగా ఎందుకు ఉన్నాడో కూడా అంతే నెమ్మదిగా చెబుతాడు. ఇప్పుడు ఈ సినిమా చూస్తుంటే ఇంకో సంగతి మనసులో పడుతుంది. జాక్ బ్రూస్ 2014లో పోయాడు. బేకర్ 2019 అక్టోబర్ 6న, పియర్ట్ 2020 జనవరిలో, టోనీ ఆలెన్ అదే ఏడాది ఏప్రిల్‌లో, వాట్స్ 2021 ఆగస్టులో వెళ్లిపోయారు. ఇంతమందీ ఒకే మనిషి గురించి, ఒకే చోట చెప్పింది ఇక్కడ మిగిలింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. సినిమాలో ఫిల్ సీమన్ పేరు వస్తుంది. లండన్ జాజ్ డ్రమ్మర్లలో పెద్దవాడు. హెరాయిన్ అలవాటు చేసిందీ ఆయనే, ఆఫ్రికా డ్రమ్ముల రికార్డులు పెట్టి వినిపించిందీ ఆయనే. ఆ రెండో పాఠం ఏమిటో సినిమా మాటల్లో చెప్పి వదిలేస్తుంది. అది తెలియకుండా బేకర్ వాయింపు విన్నా చప్పుడే వినిపిస్తుంది. మృదంగం, డోలు విని పెరిగిన చెవికి ఆ పాఠం కష్టం కాదు, ఇంట్లో కూర్చునే చేసి చూడొచ్చు.

పన్నెండు అక్షరాలు తీసుకోండి. 'తకిట' నాలుగుసార్లు అంటే పన్నెండు. 'తకధిమి' మూడుసార్లు అన్నా పన్నెండే. నోటితో తకిట తకిట తకిట తకిట అంటూ, ప్రతి 'త' దగ్గరా చేత్తో తొడ మీద తట్టండి. ఇది నిలబడ్డాక కాలు కలపండి. కాలు మాత్రం నాలుగక్షరాలకోసారి పడాలి. మొదటి దెబ్బ చేతితో కలిసి సమం మీద, అంటే పన్నెండులో మొదటి అక్షరం మీద, పడుతుంది. రెండో దెబ్బ రెండో తకిటలోని 'కి' మీద, మూడో దెబ్బ మూడో తకిటలోని 'ట' మీద పడతాయి. నాలుగో తకిటకు కాలు లేదు. మళ్లీ సమానికి రెండూ కలుస్తాయి. ఎక్కువమంది తప్పేది రెండో కాలు దెబ్బ దగ్గర. కాలు తనంతట తానే చేతి వెంట పోయి 'త' మీద పడిపోతుంది. వేగం తగ్గించి, 'కి'ని కాస్త ఒత్తి పలికితే దారిలో పడుతుంది. పది నిమిషాలకు కుదిరాక అసలు పరీక్ష ఉంది. చేతినీ కాలినీ అలాగే ఉంచి, నోటితో తకధిమి తకధిమి తకధిమి అనండి. దెబ్బల్లో ఒక్కటీ మారలేదు, అయినా పాట నడక మొత్తం మారిపోయినట్టు వినిపిస్తుంది. ఇందాక ఆధారంగా ఉన్నది ఇప్పుడు ఎదురుదెబ్బ అయింది.

బేకర్‌కు సీమన్ చూపించిన తలుపు అదే. ఏది తాళం, ఏది దాని మీది అల్లిక అన్నది విన్నవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దాని మీద ఉంటుంది. రెండింటినీ ఒకే ఒంట్లో, నాలుగు అవయవాలకు పంచుకుని నడిపేవాడు బేకర్. రాక్ డ్రమ్మర్ అంటే ఆయనకు ఒళ్లు మండేది ఇందుకే. తనది జాజ్ అని చివరిదాకా అన్నాడు. సినిమాలో ఈ మాట కోపంగా వినిపిస్తుంది. పై అభ్యాసం చేసి వచ్చినవాళ్లకు అది వాస్తవంగా వినిపిస్తుంది.

కిట్ (డ్రమ్ముల సెట్టు) గురించి కూడా కొంచెం తెలుసుకుని కూర్చుంటే మంచిది. తొలి రోజుల్లో, 1961 ప్రాంతంలో, పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్‌ను వంచి తన డ్రమ్ములు తానే చేసుకుని వాయించాడు. క్రీమ్ నాటికి లడ్విగ్ కిట్ వచ్చింది. అందులో బేస్ డ్రమ్ములు, అంటే కాలి పెడల్‌తో మోగించే పెద్ద డ్రమ్ములు, రెండు, ఒకటి 20 అంగుళాలు, ఒకటి 22. జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ దగ్గర వాయించే శామ్ వుడ్‌యార్డ్ రెండు బేస్ డ్రమ్ములతో వాయించడం చూశాక తనకూ రెండు కావాలనుకున్నాడు. రెండింటి సైజు వేరు కాబట్టి శ్రుతి వేరు. డోలుకు కర్రవైపొకటి, చేతివైపొకటి ఉన్నట్టు, కుడికాలుకొక గొంతు, ఎడమకాలుకొక గొంతు. అందుకని బేకర్ కాళ్లు తాళం వేయడంతో ఆగవు, మాట్లాడతాయి.

రెండు బేస్ డ్రమ్ములతో వచ్చే చిక్కు ఒకటుంది. మామూలుగా ఎడమకాలు హై-హ్యాట్ (పెడల్‌తో కలిసి మోగే జంట కంచు పళ్లేలు) మీద ఉండి, రెండో మాత్రకూ నాలుగో మాత్రకూ 'చిక్' మనిపిస్తూ కాలాన్ని కాపలా కాస్తుంది. ఆ కాలు రెండో పెడల్ మీదకు వెళ్లగానే కాపలా పోతుంది. నేర్చుకునేవాళ్లు సరిగ్గా అక్కడే వేగం పెంచేస్తారు, తమకు తెలియకుండానే. బేకర్ ఆ కాలిని హై-హ్యాట్‌కూ పెడల్‌కూ మధ్య తిప్పుతున్నప్పుడు చేతుల్లోని లెక్క చెక్కుచెదరదు. సినిమాలో పాత కచేరీ ముక్కలు వచ్చినప్పుడు ముఖాన్ని వదిలేసి కింద ఎడమ మడమను చూడండి. కనబడేది కొద్ది సెకన్లే, అయినా చూడదగ్గది. టామ్‌లను, అంటే కర్రలతో వాయించే పై డ్రమ్ములను, దాదాపు బల్లపరుపుగా, కిందికి పెట్టుకుంటాడన్నదీ గమనించండి. బాగా వాల్చి పెడితే కర్ర చర్మం మీద ఏటవాలుగా గుచ్చుకుని మోత మూసుకుపోతుంది. చదునుగా ఉంటే కర్ర పడి లేస్తుంది, డ్రమ్ము పూర్తిగా మోగుతుంది. ఆయన టామ్‌ల మోత అంత గుండ్రంగా ఉండడానికి ఇదొక కారణం.

అందువల్ల ఈ సినిమాను గానీ, ఆ పాటలను గానీ ఫోన్ స్పీకర్ మీద వినకండి. ఫోన్, లాప్‌టాప్ స్పీకర్లు అడుగు స్వరాలను దాదాపు పలికించలేవు. బేస్ డ్రమ్ములో మిగిలేది పెడల్ తగిలిన టక్కుమనే శబ్దమే. 20 అంగుళాల దానికీ 22 అంగుళాల దానికీ తేడా పూర్తిగా పోతుంది, అంటే ఆయన వాయింపులో సగం పోతుంది. మాటలు బాగానే వినబడుతున్నాయి కదా అని మోసపోవద్దు. చెవులను కప్పే మామూలు వైరు హెడ్‌ఫోన్ ఉన్నా చాలు.

సినిమాకు ముందు వినాల్సింది ఒక్కటే పెట్టుకోమంటే, 'టోడ్' పెట్టుకోండి. 1966 నాటి 'ఫ్రెష్ క్రీమ్' ఆల్బమ్‌లోది అయిదు నిమిషాలుంటుంది. 1968లో వచ్చిన 'వీల్స్ ఆఫ్ ఫైర్'లో అదే పాట కచేరీలో వాయించినది పదహారు నిమిషాల పైచిలుకు. గిటార్లు మొదట్లో ఒక పల్లవి వేసి తప్పుకుంటాయి, చివర్లో వచ్చి అందుకుంటాయి. మధ్యలో ఉన్నదంతా మన కచేరీల్లో తని ఆవర్తనం లాంటిది. మొదటిసారి విన్నప్పుడు చేతుల జోలికి పోకుండా కాళ్లను మాత్రమే పట్టుకోండి. రెండు బేస్ డ్రమ్ములు కుడి ఎడమలుగా నడుస్తుంటే పైన చేతులు మూడేసి దెబ్బల గుత్తులు వేస్తుంటాయి. ఇందాకటి తకిట, తకధిమి అక్కడ ప్రాణంతో కనబడతాయి. ఈ సోలోను సినిమా తునకలు తునకలుగా వాడుకుంది. పదహారు నిమిషాలూ పెట్టమని ఎవరూ అడగరు. రెండు నిమిషాలు కోత లేకుండా, ఎవరి మాటా పైన పడకుండా వదిలి ఉంటే, అంతమంది డ్రమ్మర్లు కష్టపడి చెప్పింది మనమే విని ఒప్పుకునేవాళ్లం. ఈ సినిమా మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

రెండో ఫిర్యాదు డబ్బు గొడవకు సంబంధించినది. బేకర్‌కు జాక్ బ్రూస్ మీద జీవితాంతం ఉన్న పగలో కొంత భాగం రాయల్టీల నుంచి వచ్చింది. సినిమా దాన్ని ఇద్దరు మొండివాళ్ల తగాదాగా చూపిస్తుంది, ఎక్కడ పుట్టిందో విప్పి చూపించదు. పాట అమ్ముడైనప్పుడు డబ్బు రెండు దారుల్లో వస్తుంది. రికార్డు మీద వాయించినవాళ్ల వాటా ఒకటి, పాట కట్టినవాళ్ల వాటా ఒకటి. ఆ పాటను రేడియోలో వేసినా, ఇంకొకరు పాడినా, ఏళ్ల తరబడి వస్తూ ఉండేది రెండోది. కట్టడం అంటే స్వరం, మాట అనే లెక్క. తాళం కట్టినవాడికి అందులో చోటు లేదు. 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' పాట బ్రూస్, క్లాప్టన్, గీతకర్త పీట్ బ్రౌన్‌ల పేరు మీద ఉంది. 'వైట్ రూమ్' బ్రూస్, బ్రౌన్‌ల పేరు మీద ఉంది.

ఇప్పుడు ఆ రెండు పాటలూ విని చూడండి. రాక్ పాటల్లో స్నేర్ (చురుగ్గా, గరగరమని మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద పడడం ఆనవాయితీ. 'సన్‌షైన్'లో బేకర్ ఆ బరువును ఒకటి, మూడు మీదకు తెచ్చి, టామ్‌ల మీద వాయించాడు. ఆ పాట నేల మీద అడుగులేసి నడిచినట్టుండడం ఆ మార్పు వల్లే. అయితే ఇందులో ఇంకో పక్షం ఉంది. రికార్డింగ్ ఇంజనీరు టామ్ డౌడ్, అమెరికా ఆదివాసుల డ్రమ్ము నడకను తానే సూచించానని చెప్పాడు. బేకర్ అది తన ఆలోచనేనన్నాడు. 'వైట్ రూమ్' మొదట్లో వచ్చే అయిదు మాత్రల నడక కూడా తనదేనని ఆయన వాదన. 'తక తకిట' అంటూ పక్కన లెక్కపెట్టండి, ఖండచాపులో పెట్టినట్టు సరిపోతుంది. అది తీసేసి ఆ పాటను ఊహించుకోవడం కష్టం. చట్టం ప్రకారం అది కూర్పు కిందకు రాలేదు. ఈ రెండు ఉదాహరణలు పక్కపక్కన వినిపిస్తే మూడు నిమిషాలు పట్టేది. అప్పుడు ఆ ముసలాయన కోపంలో ఎంత న్యాయముందో ప్రేక్షకుడే తేల్చుకునేవాడు. బ్లైండ్ ఫెయిత్ ఆల్బమ్‌లోని 'డూ వాట్ యూ లైక్' మాత్రం బేకర్ పేరు మీదే ఉంది. అదీ అయిదు మాత్రలదే, పదిహేను నిమిషాలు నడుస్తుంది.

డెబ్బైల దశకానికి వస్తే, నైజీరియా భాగం ఈ సినిమాలో అన్నిటికంటే ఆసక్తికరమైనది, అన్నిటికంటే తొందరపడి దాటేసినదీ అదే. 1971 చివర్లో బేకర్ రేంజ్ రోవర్ వేసుకుని అల్జీరియా మీదుగా సహారా దాటి లాగోస్ చేరాడు. నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటీతో పరిచయం అంతకు ముందే లండన్‌లో అయింది, ఫెలా అక్కడ ట్రినిటీ సంగీత కళాశాలలో చదివిన రోజుల నుంచి. ఇద్దరూ కలిసి చేసిన 'లైవ్!' 1971లో వచ్చింది. లాగోస్‌లో బేకర్ పెట్టిన స్టూడియో 1973లో తెరుచుకుంది. బీటిల్స్ బృందంలో ఉండిన పాల్ మెకార్ట్నీ 'బ్యాండ్ ఆన్ ద రన్' ఆల్బమ్ కోసం అదే ఏడాది లాగోస్ వచ్చినప్పుడు పనంతా ఈఎంఐ స్టూడియోలో చేసుకున్నా, 'పికాసోస్ లాస్ట్ వర్డ్స్' పాటకు బేకర్ స్టూడియోకు వెళ్లాడు. గులకరాళ్లు పోసిన డబ్బాను ఊపుతూ బేకర్ కూడా అందులో పాలుపంచుకున్నాడు.

అంతా బాగుందనుకునేసరికి గుర్రాల మీద ఆడే పోలో ఆట వచ్చింది. బేకర్ లాగోస్ పోలో క్లబ్బులో చేరాడు. ఆ ఊళ్లో పోలో ఆడేది డబ్బున్నవాళ్లు, అధికారానికి దగ్గరి వాళ్లు. ఫెలా పాటలు దుమ్మెత్తిపోసేది సరిగ్గా వాళ్లనే. స్నేహం అక్కడ బీటలు వారింది, స్టూడియో చేజారింది, ఆయన అక్కడి నుంచి బయటపడ్డాడు. తర్వాత గర్విట్జ్ సోదరులతో బేకర్ గర్విట్జ్ ఆర్మీ అనే బృందం, 1974 నుంచి 1976 వరకు మూడు ఆల్బమ్‌లు. సినిమా ఈ ఐదేళ్లను ఒక సాహసయాత్రలా పరుగెత్తించింది. గుర్రాల పిచ్చి మొదలైందీ, ఉన్నదంతా ఊడ్చిపెట్టడం అలవాటైందీ, సంగీతంలో తన గురువుల ఊరికి చేరి కూడా నిలవలేకపోయిందీ ఇక్కడే. దీనికి ఇంకో పావుగంట ఇచ్చి, చివర్లో దర్శకుడు తనకూ బేకర్‌కూ మధ్య జరిగిన తగవుల మీద పెట్టిన సమయాన్ని కోసి ఉంటే బాగుండేది.

ఆ లోటు పూడ్చుకునే దారి ఉంది. సహారా ప్రయాణాన్ని అప్పట్లోనే దర్శకుడు టోనీ పామర్ చిత్రీకరించాడు, 'జింజర్ బేకర్ ఇన్ ఆఫ్రికా' పేరుతో దొరుకుతుంది. మాటలు తక్కువ, డ్రమ్ములు ఎక్కువ. అది చూశాక 'లైవ్!' రికార్డు సీడీగా వచ్చినప్పుడు చేర్చిన జంట సోలో వినండి. 1978 బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఫెలా డ్రమ్మర్ టోనీ ఆలెన్, బేకర్ ఇద్దరే పదహారు నిమిషాలు వాయించినది. ఆలెన్ తేలిగ్గా, హై-హ్యాట్ మీద మాటలు రాలుస్తున్నట్టు వాయిస్తాడు. బేకర్ టామ్‌ల మీద బరువుగా, నేలబారుగా వస్తాడు. మొదట ఎవరిది ఏదో తెలియదు. పల్చటి మోత ఆలెన్, మందపు మోత బేకర్ అని పెట్టుకుని మొదలుపెడితే మూడో నాలుగో నిమిషానికి విడివిడిగా వినబడతారు.

చేతులు కళ్లారా చూడాలంటే రెండు కచేరీ ఫిల్ములున్నాయి. 1968 వీడ్కోలు కచేరీని కూడా పామరే బీబీసీకి తీశాడు. అందులో బేకర్ డ్రమ్ముల ముందు కూర్చుని తన వాయింపు గురించి చెప్పే ముక్క విలువైనది. కచేరీ భాగం మాత్రం చికాకు పెడుతుంది. కెమెరా అదేపనిగా ముఖాల్లోకి దూకుతుంది, కొన్నిచోట్ల వినబడే దెబ్బకూ కనబడే చేతికీ పొంతన ఉండదు. దాన్ని చూసి వాయింపు నేర్చుకుందామనుకుంటే దారి తప్పుతారు. 2005 మే నెలలో అదే హాల్లో క్రీమ్ మళ్లీ కలిసి చేసిన కచేరీల డీవీడీ ఆ పనికి సరైనది. బేకర్‌కు అప్పటికి 65. వేగం తగ్గింది, కానీ ఏ దెబ్బ ఏ అవయవం వేస్తోందో తేటగా కనబడుతుంది. నేర్చుకునేవాళ్లకు ఆ నెమ్మది వరం.

మళ్లీ సినిమాకు. వాలుకుర్చీలో తిట్లు తిడుతూ కూర్చున్న మనిషి ఒక్కచోట కరిగిపోతాడు. ఫిల్ సీమన్, మాక్స్ రోచ్, ఎల్విన్ జోన్స్, ఆర్ట్ బ్లేకీ అనే నలుగురు డ్రమ్మర్ల పేర్లు చెప్పి, తాను కుర్రవాడిగా దేవుళ్లలా చూసినవాళ్లు తర్వాత తన స్నేహితులయ్యారని అంటున్నప్పుడు గొంతు పూడుకుపోతుంది. నల్ల కళ్లద్దాల వెనుక నుంచి కన్నీళ్లు. పెళ్లాలు, పిల్లలు, పోయిన ఆస్తులు, విరిగిన బృందాల ప్రస్తావనకు చలించని మనిషి లయ తెలిసిన నలుగురు తనను తమవాడిగా ఒప్పుకున్నారన్న మాటకు ఏడుస్తాడు. బల్జర్ ఇక్కడ ఏ సంగీతమూ పెట్టలేదనిపించేంత నిశ్శబ్దంగా అనిపిస్తుంది ఆ క్షణం. ముక్కు మీద దెబ్బ తిన్నా అతను ఆ కుర్చీ ముందు అంతకాలం కూర్చున్నందుకు దక్కిన ఫలితం అది. ఇంకో దర్శకుడెవరికీ ఇది దొరికేది కాదు.

రాక్ చరిత్ర మీద ఆసక్తితో చూసేవాళ్లు అద్దెకు తీసుకుని ఒకసారి చూస్తే సరిపోతుంది. క్రీమ్ పేరే విననివాళ్లకూ అర్థమవుతుంది. డ్రమ్ములు, తబలా, మృదంగం, ఏ లయవాద్యం వాయించేవాళ్లైనా దీన్ని ఒక్కదాన్నే చూసి ఊరుకోకండి. 'టోడ్' రెండు రూపాలు ముందు, సినిమా ఆ తర్వాత, బెర్లిన్ జంట సోలో చివర, ఇదీ వరస. కొనదలిస్తే డబ్బు ముందు 2005 కచేరీ డీవీడీ మీద పెట్టండి, మిగిలితే దీని మీద. ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్లకు 1994 నాటి 'గోయింగ్ బ్యాక్ హోమ్' ఉంది. చార్లీ హేడెన్ డబుల్ బేస్ (పెద్ద తంత్రీవాద్యం), బిల్ ఫ్రిసెల్ గిటార్, బేకర్ డ్రమ్ములు, ముగ్గురే. అందులో ఆయన చాలాచోట్ల ఎదుటివాళ్లు ఏమంటారా అని చెవి ఒగ్గి, తక్కువ వాయిస్తాడు. 92 నిమిషాలు ఆయన అరుపులు విన్నాక ఆ బేకర్‌ను కూడా వినాలి.